ఉప్పు తగ్గితే ముందు కొలవండి, తర్వాతే మాటలు

ఇంట్లో ఏది చెడినా ముందు వంటింటి వైపు, ఆ తర్వాత పనికొచ్చే మనిషి వైపు చూడడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పాలు విరిగితే గిన్నె సరిగ్గా తోమలేదంటారు. పులుసు ఉప్పయితే ధ్యాస ఎక్కడుందంటారు. ఈమధ్య ఆ లెక్కలోకి చేపల తొట్టి కూడా వచ్చి చేరింది. మామూలు చేపల తొట్టి కాదు, సముద్రపు చేపలుండే ఉప్పునీళ్ల తొట్టి. అందులో ఉప్పు ఉన్నట్టుండి తగ్గిపోతే ఏం చెయ్యాలన్నదే ఇవాళ నేను రాయబోయేది. ఎవరిని అనాలి, ఎవరిని అనకూడదు అన్నది కూడా దాని వెనకే వస్తుంది. మా ఇంట్లో ఆ రెండు ప్రశ్నలూ ఒకే సాయంత్రం వచ్చాయి మరి.

మాది చోడవరం. 2022 నుంచి కాగితాల మీద అనకాపల్లి జిల్లా అయిపోయాం గానీ నోటికి ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. చెరకు తోటలు, బెల్లం, గోవాడ పంచదార ఫ్యాక్టరీ, స్వయంభూ వినాయకుడి గుడి, ఇవీ మా ఊరి ఆనవాళ్లు. సముద్రం మాకు కనుచూపు మేరలో లేదు. అలాంటి ఊళ్లో ఉప్పునీళ్ల తొట్టి ఏమిటని మీరు అడగొచ్చు, మా అత్తయ్యగారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. మా అబ్బాయి చిన్నప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూసినప్పటి నుంచి పట్టుకున్న పిచ్చి అది. ఇంజనీరింగులో చేరాక దాచుకున్న డబ్బులతో కొన్నాడు. సుమారు 100 లీటర్ల నీళ్లు పడతాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్‌లు రెండు, ఒక ఎర్ర రొయ్య, శంఖాల్లో దూరి తిరిగే పీతలు రెండు. పగడాలూ సముద్రపు గుర్రాలూ పెడతానన్నాడు గానీ వద్దన్నాను. అవి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవి, దుకాణంలో దొరికినంత మాత్రాన ఇంటికి తెచ్చుకునేవి కావు. క్లౌన్ ఫిష్‌కి ఆ చిక్కు లేదు. తమిళనాడు మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వాటిని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు.

కొన్నది వాడు. ఉండేది హాస్టల్లో. తొట్టి మాత్రం మా హాల్లో టీవీ పక్కన. ఇలాంటి ఏర్పాటు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. మొక్కలు మావారు కొంటారు, నీళ్లు నేను పోస్తాను. కుక్కని పిల్లలు తెస్తారు, అన్నం తల్లి కలుపుతుంది. చేపల తొట్టి అయితే మరీను. "అమ్మా, రోజుకి చిటికెడు మేత వెయ్యి, ఈ గీత దాకా నీళ్లు పొయ్యి, ఇంకేం ముట్టుకోకు" అని చెప్పి పోయాడు. పనంతా మన చేతికి, పరికరం మాత్రం వాడి బీరువాలో.

నాకు అది నచ్చలేదు. మొదటి నెలలోనే ఫోన్ చేసి, ఆ ఉప్పు కొలిచే గొట్టం ఎక్కడ పెట్టావో చెప్పమని తీసుకున్నాను. రిఫ్రాక్టోమీటర్ అంటారు దాన్ని. గాజుపలక మీద తొట్టిలో నీటిచుక్క వేసి మూత మూసి వెలుతురు వైపు పెట్టి చూస్తే, లోపల నీలం, తెలుపు కలిసే చోట ఒక అంకె కనిపిస్తుంది. అంతే పని. జ్వరం చూసే థర్మామీటర్ కంటే కష్టం కాదు. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తొట్టిలోనూ అంతే ఉండాలి. దాన్నే 35 పీపీటీ అంటారు. పాత హైడ్రోమీటర్ వాడేవాళ్లు 1.025, 1.026 అని చెప్పుకుంటారు. రెండూ ఇంచుమించు ఒకటే.

ఈ ఉప్పు సంగతి వంట తెలిసినవాళ్లకి తొందరగా బోధపడుతుంది. చారు పొయ్యి మీద మరిగి మరిగి ఇంకితే ఉప్పెక్కుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తొట్టిలోనూ రోజుకి లీటరో రెండు లీటర్లో ఆవిరవుతాయి. అందుకే తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్వో నీళ్లు పోస్తాం. ఉప్పునీళ్లు తగ్గాయి కదా అని ఉప్పునీళ్లే పోస్తే తొట్టి రోజురోజుకీ ఉప్పెక్కిపోతుంది.

ఇక ఆ సాయంత్రం. పోయిన ఏడు కార్తీకమాసం మొదట్లో. మా అబ్బాయి దీపావళికి వచ్చి ఉన్నాడు. స్నేహితులతో భీమిలి వెళ్లి, విశాఖ బీచ్‌లో కంటే అక్కడ శుభ్రంగా ఉంటాయని రెండు పెద్ద డబ్బాల నిండా సముద్రపు నీళ్లు తెచ్చాడు. పొడి ఉప్పు కొనాలంటే ఖరీదు, సముద్రం ఉచితం. పొద్దున్న తొట్టిలో 40 లీటర్లు తీసేసి ఆ నీళ్లు 40 లీటర్లు పోసి, బస్సెక్కి హాస్టల్‌కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మా ఇంట్లో పనిచేసే అక్క వచ్చి తొట్టి అద్దం బయటనుంచి తుడిచి వెళ్లింది. సాయంత్రానికి రొయ్య ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. చేపలు రెండూ మూల చేరాయి, మేత వేస్తే రాలేదు.

కొలిచాను. 32 చూపించింది. పొద్దున్న నీళ్లు మార్చకముందు 35 ఉందని వాడే నోట్‌బుక్‌లో రాసి పెట్టాడు.

మావారు ఆ మాట వినగానే అన్న మొదటి మాట, "మంచినీళ్లు పోసుంటుంది. తుడవడానికి బకెట్టు తెచ్చింది కదా." అంతటితో ఆగలేదు, మర్నాడు ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే అడిగేశారు. "నానేటి సేసానండీ బాబూ, అద్దం తుడిసి ఎలిపోయాను, అంతే గదేటి" అందావిడ. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది. ఏళ్ల తరబడి మన ఇంట్లో తిరిగిన మనిషి ఒక రొయ్య గురించి సంజాయిషీ చెప్పుకోవలసి రావడం నాకు బాగోలేదు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, కొడుకు మీద రాని అనుమానం ఆవిడ మీదికి వచ్చేసింది. కొడుకు చదువుకున్నవాడు, ఉప్పు లెక్కలు తెలిసినవాడు, వాడు తెచ్చింది సాక్షాత్తూ సముద్రం. అందులో ఉప్పు తక్కువుంటుందని ఎవరనుకుంటారు?

నాకు ఒక చిన్న లెక్క తట్టింది. 35 ఉన్న 100 లీటర్లలో 3 కిలోల 500 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎవరైనా మంచినీళ్లు పోసి దాన్ని 32కి దించాలంటే, ఇంచుమించు 9 లీటర్లు ఎక్కువ పొయ్యాలి. 9 లీటర్లంటే బకెట్టుకి కాస్త తక్కువ. అంత పోస్తే తొట్టి పొర్లి హాలంతా తడిసి ఉండాలి, లేదా నీళ్లు గీత దాటి ఉండాలి. రెండూ లేవు. నీటి మట్టం గీత దగ్గరే ఉంది. అయితే ఉప్పు తక్కువున్న నీళ్లు లోపలికి రావడానికి మిగిలిన దారి ఒక్కటే, పొద్దున్న మార్చిన నీళ్లు. డబ్బాలో అడుగున మిగిలిన నీళ్లు రెండు చుక్కలు తీసి గాజుపలక మీద వేశాను. 27 చూపించింది. 60 లీటర్లు 35వి, 40 లీటర్లు 27వి కలిపితే ఎంతవుతుందో వేసి చూడండి. 32కి కాస్త అటూ ఇటూ.

సముద్రపు నీళ్లు చప్పబడ్డాయన్నమాట. ఇది వింతేమీ కాదు, మన తీరంలో ఏటేటా జరిగేదే. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి, ఇంకా ఎన్నో నదులు వానాకాలమంతా నీళ్లు తెచ్చి పోస్తాయి. నైరుతి రుతుపవనాలు వెనక్కి తగ్గాక తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. ఆ వరదనీళ్లన్నీ పైపొరగా ఒడ్డు పట్టుకుని ఒడిశా మీదుగా మన వైపు దిగివస్తాయి. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ తీరంలో పైనీళ్లలో ఉప్పు 30కి దిగువకి కూడా పోతుంది. అరేబియా సముద్రంలో ఈ బాధ ఇంతగా లేదు. పైగా మావాడు తెచ్చింది భీమిలి నుంచి. గోస్తని నది సముద్రంలో కలిసేది అక్కడే. వానలు పడ్డ వారంలో నది నోటి దగ్గర ముంచుకొస్తే వచ్చేవి సగం ఏటినీళ్లే. మాకు దగ్గరని రాంబిల్లి వైపు వెళ్లినా అంతే సంగతి, మా బొడ్డేరు, పెద్దేరు కలుపుకుని వచ్చే శారదానది అటే సముద్రంలో పడుతుంది.

ఈ లెక్క కాగితం మీద రాసి మావారికి చూపించాను. ఆయన చదివి, కాసేపు ఊరుకుని, మర్నాడు ఆవిడతో "తప్పు నీది కాదులే" అన్నారు. 'లే' ఒకటి చివర తగిలించారు గానీ, అన్నారు. అది చాలదని నా అభిప్రాయం. అనుమానించినప్పుడు అందరి ముందూ అడిగి, తీసేసుకునేటప్పుడు గొణిగితే ఎలా? ఆవిడకి ఆ రిఫ్రాక్టోమీటర్ ఇచ్చి, డబ్బా నీళ్లూ తొట్టి నీళ్లూ ఆవిడ చేతే చూపించాను. "ఓలమ్మో, గీత ఎలగ కనబడతాదో" అని నవ్వింది. ఇప్పుడు నేను ఊరెళ్తే అంకె చూసి ఫోన్లో చెప్పేది ఆవిడే.

సరే, నింద సంగతి అటుంచితే, తొట్టిలో ఉప్పు ఎలా పెంచాలి? ఇక్కడే ఇళ్లలో రెండో గొడవ మొదలవుతుంది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ వెంటనే ఉప్పు కలిపెయ్యమనే చెప్పారు. మా అబ్బాయి స్నేహితుడొకడు అర్ధకిలో ఉప్పు నేరుగా తొట్టిలో పొయ్యమన్నాడు. పక్కింటి పిన్నిగారు కోడిగుడ్డు వేసి చూడమన్నారు, తేలితే ఉప్పు సరిపోయినట్టట. పాపం ఆవిడ మంచికే చెప్పారు గానీ ఊరగాయ ఉప్పునీళ్ల లెక్క అది. తాజా గుడ్డు అసలు సముద్రపు నీళ్లలోనే మునుగుతుంది.

వెంటనే కలిపెయ్యొద్దని నేనంటాను. ఎందుకో చెబుతాను. ఎండుద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, మామిడి ముక్కకి ఉప్పు పట్టిస్తే నీరు వదిలి ముడుచుకుంటుంది. పల్చటి పొర ఒకటి మధ్యలో ఉంటే నీరు ఉప్పెక్కువున్న వైపుకి నడుస్తుంది. సముద్రపు చేప ఒంట్లో ఉప్పు సముద్రంలో ఉన్నదాంట్లో సుమారు మూడో వంతే. కాబట్టి సముద్రంలో ఉన్నంతకాలం దాని ఒంట్లోంచి నీరు బయటికి పోతూనే ఉంటుంది, మాగాయ ముక్క లాగ. అందుకే సముద్రపు చేప నీళ్లు తాగుతుంది, తాగిన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోసేస్తుంది. చెరువు చేపకి ఆ అవసరమే లేదు. ఈ లెక్కన నీళ్లలో ఉప్పు కాస్త తగ్గితే సముద్రపు చేపకి పని తగ్గినట్టే, పెరిగినట్టు కాదు. చేపల ఒంటిమీద తెల్ల మచ్చల పురుగు పడితే, రొయ్యలూ పీతలూ లేని వేరే తొట్టిలో పెట్టి హైడ్రోమీటర్ మీద 1.009 దాకా ఉప్పు దించి కొన్ని వారాలు ఉంచే వైద్యం కూడా ఉంది. తగ్గించడాన్ని ఓర్చుకున్న చేప, ఒక్కసారిగా పెంచితే మాత్రం తట్టుకోదు. అది నిలువునా ఊరగాయ పెట్టడమే.

పులసని చూడండి. సముద్రంలో విలసగా ఉన్న చేప వానాకాలంలో గోదావరికి ఎదురెక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలంటారు చూశారా, అదే. ఉప్పునీళ్లలోంచి మంచినీళ్లలోకి రావడమంటే దాని మొప్పలు చేసే పనే తారుమారు కావాలి. నది నోటి దగ్గర ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో నుంచి వస్తూ సర్దుకుంటుంది. సముద్రంలోంచి పట్టి రాజమండ్రి రేవులో పడేస్తే అయ్యేది వేరే కథ. మన తొట్టిలోని క్లౌన్ ఫిష్‌కి ఆ మాత్రం యాత్ర కూడా అలవాటు లేదు.

రొయ్యలు, పీతలు, నక్షత్ర చేపల సంగతి వేరు. వెన్నెముక లేని ఈ జీవుల్లో చాలావాటికి చేపలకున్న సర్దుబాటు లేదు. ముఖ్యంగా నక్షత్ర చేప ఒంట్లో నీళ్లూ బయటి నీళ్లూ ఒకే ఉప్పుతో ఉంటాయి. బయట తగ్గితే లోపల కణాలు ఉబ్బిపోతాయి. అందుకే మా తొట్టిలోనూ ముందు ఒరిగింది రొయ్యే. ఈ కారణం చూపించి, తక్కువ ఉప్పులో ఉన్న ప్రతి గంటా వాటికి నష్టమే కాబట్టి గబగబా పెంచాలనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. నక్షత్ర చేప ఉన్న తొట్టి 35 నుంచి 25కి పడిపోతే నేనైనా ఆ రోజే గంటలు తీసుకుని కొంత ఎక్కిస్తాను. కానీ రెండు మూడు అంకెలు తగ్గినదానికి అంత ఆత్రం అక్కర్లేదు. ఒక దెబ్బ తిన్న ప్రాణికి అదే రోజు ఎదురు దిక్కు నుంచి రెండో దెబ్బ వెయ్యడం నాకు వైద్యంగా తోచదు. రోజుకి ఒకటి, మహా అయితే రెండు అంకెలు పెంచితే చాలు.

మేము చేసింది చెబుతాను. 100 లీటర్లలో ఒక అంకె పెరగాలంటే 100 గ్రాముల ఉప్పు కావాలి. మూడు అంకెలకి 300. రోజుకి 100 చొప్పున మూడు రోజులు. ఉప్పంటే వంటింట్లో అయోడైజ్డ్ ఉప్పు కాదు, రాళ్ల ఉప్పూ కాదు. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు పొడి, అందులో మెగ్నీషియం, కాల్షియం అన్నీ పాళ్ల ప్రకారం ఉంటాయి. తొట్టిలోంచే రెండు లీటర్ల నీళ్లు బకెట్టులోకి తీసి, వంటింటి త్రాసులో తూచిన 100 గ్రాములు అందులో వేసి, పూర్తిగా తేటపడేదాకా కలిపి, పంపు నీళ్లు వేగంగా పడే చోట గంటసేపు గ్లాసుతో కొంచెం కొంచెంగా పోశాను. తొట్టి నీళ్లే తీసి కలిపాం కాబట్టి మట్టం మారదు. ఉప్పుగళ్లు నేరుగా తొట్టిలో వేస్తే అవి అడుగున పడి, కరిగేచోట నీళ్లు కటిక ఉప్పుగా ఉంటాయి. మేత అనుకుని దగ్గరికొచ్చిన పీతకి కాలినట్టే. పొడిలో కాస్త చెమ్మ ఉంటుంది గనక ప్రతిరోజూ కొలిచి చూసుకుంటే మంచిది. ఆ మూడు రోజులూ మేత సగానికి తగ్గించాను, అమ్మోనియా పరీక్ష రోజూ చేశాను. కనిపించకుండా ఏ జీవి చచ్చినా ముందు తెలిసేది అందులోనే. చేపలు రెండో రోజుకి మూలలోంచి బయటికొచ్చాయి. రొయ్య మాత్రం రెండో రాత్రి పోయింది.

అయితే ప్రతిసారీ ఉప్పు కలపాలనే లేదు. ఈ ముక్క నాకు మా చెల్లెలి ఇంట్లో జరిగినదాని వల్ల బాగా తెలిసింది. వాళ్లు హైదరాబాదులో ఉంటారు. వాళ్ల తొట్టి కింద సంప్ ఉంది, తగ్గిన నీళ్లు తనంతట తనే నింపే ఫ్లోట్ వాల్వ్ ఉంది. ఒక రాత్రి ఆ వాల్వ్ ఇరుక్కుపోయి తెల్లారేసరికి 20 లీటర్ల ఆర్వో నీళ్లు సంప్‌లోకి వచ్చేశాయి. వాళ్లదీ మొత్తం 100 లీటర్లే అనుకోండి. 35 కాస్తా 29 అయింది. మా మరిదిగారు కంగారుపడి అప్పటికప్పుడు 700 గ్రాముల ఉప్పు కలిపేశారు. అంకె 35కి వచ్చింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. నక్షత్ర చేప మర్నాటికే పోయింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వాల్వ్ బాగు చేసి పాత గీత దగ్గరే పెట్టారు. ఎక్కువైన నీళ్లు ఆ గీత దాకా ఆవిరయ్యేవరకూ అది కొత్త నీళ్లు వదలదు కదా. నీళ్లు తగ్గుతున్నాయి, ఉప్పు అలాగే ఉంది. వారం తిరిగేసరికి 39 దాటింది. అప్పుడు మా చెల్లి ఫోన్ చేసి, "అక్కా, తగ్గిందనుకుంటే పెరిగిపోతోందేమిటి?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

వాళ్ల తొట్టిలో ఉప్పు తగ్గనే లేదు. చుక్క కూడా బయటికి పోలేదు. మొదట ఉన్న 3 కిలోల 500 గ్రాములూ లోపలే ఉన్నాయి, నీళ్లే ఎక్కువయ్యాయి. వాల్వ్ కట్టేసి, కొత్త నీళ్లు పొయ్యడం మానేసి ఊరుకుంటే, రోజుకి రెండు లీటర్ల చొప్పున పది రోజుల్లో తనంతట తనే 35కి వచ్చేది, అదీ ప్రాణులకి తెలియనంత నెమ్మదిగా. మా తొట్టిలో అలా కాదు, 35 ఉన్న నీళ్లు బయట పారబోసి 27 ఉన్నవి పోశాం. ఉప్పు నిజంగానే ఇంట్లోంచి వెళ్లిపోయింది. కాబట్టి కలపాల్సిందే. ఒకే రోగంలా కనిపించినా మందు వేరు. ఆ తేడా చెప్పేది నీటి మట్టం. గీత పైకి వెళ్లి అంకె తగ్గితే నీళ్లెక్కువ. గీత కదలకుండా అంకె తగ్గితే ఉప్పు పోయింది. తొట్టి పొర్లి నేల తడిస్తే రెండూ జరిగాయి. ఎక్కడైనా కారుతున్నా, నురగ తీసే స్కిమ్మర్ మరీ పల్చగా ఎక్కువ నీళ్లు లాగేస్తున్నా ఉప్పునీళ్లు బయటికి పోయి, వాటి స్థానంలో మంచినీళ్లు చేరుతుంటాయి. అప్పుడు అంకె నెమ్మదిగా దిగుతుంది.

అన్నిటికంటే ముందు పరికరాన్ని అనుమానించాలి, మనుషుల్ని కాదు. హైడ్రోమీటర్ ముల్లుకి ఒక గాలిబుడగ అంటుకుంటే అంకె మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ని చాలామంది ఆర్వో నీళ్లతో సున్నాకి సరిచేసి ఊరుకుంటారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర తప్పొచ్చు. దానికి ఒక ఇంటి ఉపాయం ఉంది. అయోడిన్ కలపని శుద్ధమైన ఉప్పు 36.5 గ్రాములు, ఆర్వో నీళ్లు 963.5 గ్రాములు తూచి కలిపితే, ఆ నీళ్లు రిఫ్రాక్టోమీటర్లో 35 చూపించాలి. చూపించకపోతే తప్పు దానిది. పెద్ద త్రాసు అరగ్రాము చూపకపోయినా బంగారం తూచే చిన్న త్రాసు ఎవరింట్లోనో ఉంటుంది, ఉప్పు దాని మీద తూచుకోవచ్చు. ఇది తొట్టిలో పోసే నీళ్లు కాదు, కొలత సరిచూసుకోవడానికి మాత్రమే. సీసాలో పోసి బిగించి, పైన చీటీ అంటించి పెట్టుకోండి. మా అత్తయ్యగారు దాన్ని చూసి సెలైన్ అనుకున్నారు.

ఇదంతా మగపిల్లల సరదా, మనకెందుకు అని మా బంధువుల్లో ఒకావిడ నాతో అంది. సరదా వాళ్లదే, కాదనను. కానీ వాల్వ్ ఇరుక్కున్నప్పుడు, కరెంటు పోయినప్పుడు, రొయ్య ఒరిగినప్పుడు ఇంట్లో ఉండేది మనం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖని ఊపేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా వైపు ఇళ్లలో నీళ్లకీ పాలకీ పడిన అవస్థ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఏ వస్తువు ఎలా నడుస్తుందో తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నారా లేదా అన్నదే లెక్క, ఎవరు కొన్నారన్నది కాదు. చెప్పి చేయించుకునే వాళ్లు మనకి పని అప్పగించినప్పుడు కొలతా అప్పగించాలి. అప్పగించకపోతే అడిగి తీసుకోవాలి. "నీకు తెలీదులే అమ్మా" అని ఫోన్ పెట్టేస్తే, తెలిసేదాకా మేత వెయ్యనని చెప్పండి. మా వాడి దగ్గర ఇది పనిచేసింది. అసలు కొలవడం మొదలుపెట్టిన రోజే నోట్‌బుక్‌లో తారీఖు, అంకె, పోసిన నీళ్లు, ఎవరు పోశారు, అన్నీ గీతలు గీసి రాశాను. ఎవరు పోశారు అన్న గడిలో ఇప్పుడు నలుగురి పేర్లున్నాయి, మావారిది రెండుసార్లే ఉంది.

సముద్రపు నీళ్లు తేవడం మా ఇంట్లో పూర్తిగా మానలేదు. మాఘం నుంచి వైశాఖం దాకా, నదులు ఎండి సముద్రం మళ్లీ ఉప్పెక్కాక, నది నోటికీ మురుగు కాలవలకీ దూరంగా తెస్తాడు. అదీ ముందు చిన్న సీసాతో తెచ్చి కొలిచాకే డబ్బా నింపడం. శ్రావణం నుంచి మార్గశిరం దాకా పొడి ఉప్పే. ఖరీదు వాడి జేబులోంచి.